ఆకాశము నుండి ఉదయగిరి

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు అనుకొనెడి కాలమున, యాత్ర ముగించి క్షేమముగా తిరిగివచ్చినవారు రాగిచెంబులో గంగను తెచ్చి, మూత బిగించి, పూజామందిరమున భద్రపరచెడివారు. ఆ చెంబు కంటబడినప్పుడెల్ల వారికి యాత్ర జ్ఞప్తికి వచ్చెడిది. సాయంకాలము వీథి అరుగుమీద కూర్చుండి, ఏ మజిలీ తరువాత ఏ మజిలీ వచ్చునో, ఎచ్చట నీరు మంచిదో, ఎచ్చట దొంగల భయము కలదో, వరుస తప్పక చెప్పెడివారు. ఒక్కసారి కాలితో నడచిన దారిని వారు నోటితో నూరుసార్లు నడచిరి. వినుచున్న పిల్లలకు ఆ దారి కంఠస్థమయ్యెడిది.

నేడు అట్టి పునర్యాత్రకు వేరొక సాధనము ఏర్పడినది. అంతర్జాలములోని పటములును, ఉపగ్రహములు తీసిన చిత్రములును సెల్‌ఫోను గల ప్రతి యింటికిని అందుబాటులోనికి వచ్చినవి. మోకాళ్లు సహకరింపని వయసున నేను ఆత్మకూరులో మా యింటి వసారాయందు పడకకుర్చీలో కూర్చుండి, మనుమని చేతిలోని తెరమీద ఉదయగిరి కొండను చూచుచున్నాను. ఆ కొండను నేను 1967లో కాలినడకను ఎక్కితిని. మరల ఎక్కగలనను ఆశ లేదు. కాని గత కొన్ని మాసములుగా ఇంచుమించు ప్రతి సాయంకాలమును ఎక్కుచునే యున్నాను. ఈ కొత్త యాత్రలో దొరకినదేమి, దొరకనిదేమి అను విషయమును ఉదయగిరి చరిత్రతో కలిపి ఇచ్చట ముచ్చటింపదలచితిని.

ఆత్మకూరు నుండియే బయలుదేరుదము. తెరను కొంచెము పైకి లేపినచో మొదట కనబడునది పెన్న. తూర్పున సంగము, అచ్చట 19వ శతాబ్దమున కట్టిన ఆనకట్టయు, 2022లో ప్రారంభింపబడిన కొత్త బ్యారేజియు కలవు. పడమటగా అనంతసాగరము, దానికావల వెలుగొండలను చీల్చుకొని పెన్న మైదానములోనికి దిగు సోమశిల. ఆత్మకూరు దాటి వాయవ్యముగా పోవుకొలది వరిచేల పచ్చదనము పలుచబడి, ఎఱ్ఱనేలలును, చిట్టడవులును, రాతిగుట్టలును ఎక్కువగును. నడుమ నడుమ నెలవంకల వంటి ఆకారములు కానవచ్చును. అవి చెరువుకట్టలు. బస్సులో పోవునపుడు ఒక్కొక్క చెరువు ఒక్కొక్కటిగా మాత్రమే కనబడును. పైనుండి చూచినపుడు ఒక చెరువు అలుగు పారి క్రింది చెరువునకు, అది నిండి దాని క్రింది చెరువునకు నీరు పోవు క్రమమంతయు కంటికి కట్టును. వానమీదనే ఆధారపడిన ఈ మెట్టసీమలో మన పూర్వులు నీటిని ఎంత పొదుపుగా వాడుకొనిరో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

ఆ పైన ఉదయగిరి. సోమశిలకు ఇంచుమించు సరిగా ఉత్తరమున, పక్షి ఎగిరినట్లు పోయినచో నలువది కిలోమీటర్ల పైచిలుకు దూరమున ఈ కొండ కలదు. సముద్రమట్టమునకు దీని యెత్తు 3,079 అడుగులు. ఊరు కొండకు తూర్పు పాదమున నున్నది. ఇచ్చట నాకు మొదటి చిక్కు వచ్చినది. కొండ ఊరికి ఉత్తరమున నున్నదని నేను ఇన్నేండ్లుగా మా పిల్లలకు చెప్పుచు వచ్చితిని. మనుమడు పటము చూపి, “తాతా, కొండ పడమట గదా ఉన్నది!” అనెను. నేను వెంటనే ఒప్పుకొనలేదు. పటమునే తప్పుపట్టితిని. తరువాత ఆలోచింపగా, 1967లో మేము ఎక్కినది సాయంకాలము కాదు, తెల్లవారుజామున అనియు, వీపుమీద ఎండ తగిలినదనియు జ్ఞప్తికి వచ్చినది. ఉదయించు సూర్యుడు వీపున నున్నచో ముఖము పడమటనే కదా! నా తప్పును ఒప్పుకొంటిని. జ్ఞాపకము ఎండను భద్రపరచినది గాని దిక్కును జారవిడిచినది.

ఇట్టి దిద్దుబాటు ఒక్క ముసలివాని జ్ఞాపకమునకు మాత్రమే గాదు, చరిత్రపాఠమునకు గూడ ఉపకరించును. ఉదయగిరి దుర్గము దక్షిణాపథ చరిత్రలో ఎంత ప్రాముఖ్యము గలదో పాఠకులు ఎరుగుదురు. విజయనగర రాజ్యము స్థాపితమైన తొలి దినములలో మొదటి హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఈ తూర్పు సీమను ఉదయగిరినుండి పాలించెను. వేదభాష్యకర్తగా ప్రసిద్ధుడైన సాయణాచార్యులు ఆ కంపరాయల కొలువున మంత్రిగా నుండెను. కంపరాయల కుమారుడు రెండవ సంగముడు ఇచ్చిన బిట్రగుంట తామ్రశాసనము 1356 నాటిది. తరువాత 15వ శతాబ్దమున ఒడ్డెరాజులైన గజపతులు దక్షిణమునకు దిగివచ్చి ఈ దుర్గమును పట్టుకొనిరి. దానిని మరల విజయనగరమునకు చేర్చిన ఘనత 1509లో పట్టాభిషిక్తుడైన శ్రీకృష్ణదేవరాయలది. ఆయన 1513లో ముట్టడి ఆరంభించి 1514లో కోటను సాధించెను. కోటకు అధిపతియైన తిరుమల రౌతరాయడు బందీ ఆయెను.

ఒక్క కోటను పట్టుటకు అంతటి చక్రవర్తికి ఏడాదిన్నర కాలము ఏల పట్టెను? చదువుకొను దినములలో నాకీ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము దొరకలేదు. కోట బలమైనది అనుట ఒక మాట మాత్రమే. 1535 ప్రాంతమున విజయనగరములో నుండిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ ఈ ముట్టడిని తన వృత్తాంతములో వర్ణించెను. రాబర్టు స్యూయెల్ దానిని ఆంగ్లమున 1900లో ప్రకటించెను. నూనిజ్ చెప్పినదాని ప్రకారము లోపల పదివేల కాల్బలమును, నాలుగువందల గుఱ్ఱములును మాత్రమే ఉండెనట. అంతకు మించి అవసరము లేకపోయెనట. ఆకలిచే లొంగదీయుట తప్ప వేరు దారి లేని కోట అది. ఒక్కొక్క మనిషి మాత్రమే పోగల ఇరుకు దారి ఒకటి ఉండగా, రాయలు పెద్ద పెద్ద బండలు పగులగొట్టించి ఆ దారిని వెడల్పు చేయించి, మరికొన్ని బాటలు గూడ వేయించి బురుజుల దరికి సేనను చేర్చెనని అతడు వ్రాసెను.

ఈ మాటలను దగ్గర నుంచుకొని ఉపగ్రహచిత్రమును చూడవలెను. కొండ ఒక్క శిఖరము కాదు, పొడుగైన గట్టు. దాని యంచులు అనేక చోట్ల గోడవలె నిట్టనిలువుగా తెగియున్నవి. పైభాగమున విశాలమైన చదును కలదు. తూర్పున ఊరినుండి ఒక కాలిబాట, పడమట అడవిలోనుండి ఒక దారి తప్ప, పైకి చేరుటకు సులభమైన తోవ లేదు. కొండమీద ఎనిమిది, క్రింద ఐదు, మొత్తము పదుమూడు కోటలు పూర్వముండెనని ఆంగ్లేయుల కాలపు గెజిటీరు చెప్పుచున్నది. పటములో చుట్టుకొలతను వ్రేలితో కొలువగా నాకు అర్థమైనదేమనగా, గోడలు కట్టిన చోటులకంటె కట్టనక్కర లేని చోటులే ఎక్కువ. ప్రకృతియే కట్టిన ఆ గోడలను చూచిన పిమ్మట, ఏడాదిన్నర కాలము ఎక్కువగా తోచలేదు. రాయలకు ఈ చిత్రము లేదు. ఆయన వేగులవారును, కొండ ఎరిగిన ఆటవికులును చెప్పిన మాటలనుబట్టి ఈ పటమును మనసులో గీచుకొనియుండును. మనకు ఒక్క క్షణములో కనబడునది ఆయనకు నెలలు గడచిన పిమ్మట తెలిసియుండును.

దుర్గము లోబడిన పిదప రాయలు ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తీసికొనిపోయి, ఆ స్వామికై గొప్ప ఆలయము కట్టించి 1515లో ప్రతిష్ఠించెను. హంపిలో నేడు కృష్ణాలయమని పిలువబడునది అదియే. అందలి శాసనము ఈ సంగతిని తెలుపుచున్నది. విజయనగరము 1565లో పాడైన తరువాత ఆ గుడియు పాడుపడినది. బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నపట్టణమున ప్రభుత్వ మ్యూజియములో నున్నాడు. తెరమీద ఉదయగిరినుండి హంపికి ఒక గీత గీచి చూచితిని. నేరుగా సుమారు 310 కిలోమీటర్లు. హంపినుండి చెన్నపట్టణమునకు ఇంచుమించు 480. ఆ మూడు చోటులను కలిపినచో ఒక త్రికోణము ఏర్పడినది. ఉదయగిరిలోని కృష్ణాలయమును, హంపిలోని కృష్ణాలయమును, రెండును మూలవిరాట్టు లేక ఉన్నవి. స్వామి మాత్రము గాజు తలుపుల నగరములో దర్శనమిచ్చుచున్నాడు. మూడు చోట్లకు విడివిడిగా పోయినవారు అనేకులు ఉందురు. మూడింటిని ఒక్క చూపులో చూచి, అవి ఒకే కథలోని మూడు అధ్యాయములని గ్రహించుట ఈ కొత్త సాధనమువలన సులభమైనది.

రాయల తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పెదను. 17వ శతాబ్దమున ఉదయగిరి గోల్కొండ సుల్తానుల వశమైనది. కొండమీది మసీదులోని పారసీక శాసనములు ఆ కాలపు గుర్తులు. పిమ్మట ఆర్కాటు నవాబుల నాటినుండి జాగీరుగా నుండి, 1839లో కర్నూలు నవాబుతో కలిసి కుట్ర పన్నినట్లు ఆరోపణ రాగా, జాగీరుదారైన అబ్బాస్ ఆలీఖానును ఆంగ్లేయులు తొలగించి సీమను స్వాధీనపరచుకొనిరి. అంతటితో దుర్గమునకు పని లేకపోయినది. గుడియు మసీదును ఒకే కొండమీద ఒకే చెట్లనీడలో శిథిలములై నిలిచినవి. పైనుండి చూచునపుడు ఏది గుడియో ఏది మసీదో పోల్చుటకు గూడ కొంత తెలిసియుండవలెను.

ఇచ్చట ఒక ప్రశ్న వేసికొందము. ఈ సీమను పటములోనికి ఎక్కించిన మొదటివారెవరు? 1802లో చెన్నపట్టణమునకు చేరువనున్న పరంగిమలవద్ద విలియం లాంబ్టన్ ఆధారరేఖను కొలిచి మహా త్రికోణమితి సర్వేను ఆరంభించెను. కొండశిఖరముల మీద గుర్తులు నిలిపి, ఒక శిఖరమునుండి మరియొక శిఖరమును దుర్భిణితో చూచి, కోణములు లెక్కించి దేశమునంతను త్రికోణములుగా విభజించిన పని అది. అదే కాలమున కల్నల్ కాలిన్ మెకంజీ వేరొక దారి త్రొక్కెను. ఆయనయు సర్వే అధికారియే. 1815లో భారతదేశమునకంతకు సర్వేయరు జనరలు ఆయెను. కాని ఆయనకు నేల కొలతలు చాలలేదు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరుల సాయమున ఊరూరి కరణములనుండి కైఫియ్యతులు వ్రాయించెను. ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చెను, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడి ఎవరు కట్టిరి, ఏ దొర కాలమున పాడుపడెను, ఇట్టి సంగతులన్నియు అందు చేరినవి. లాంబ్టను పటమునకు ఎముకలు కూర్చెను. మెకంజీ దానికి పేర్లును కథలును చేర్చెను. ఈ భేదమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాను. తరువాత దీనితో పని కలదు.

యాత్రికులలో మన ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలపకుండుట యెట్లు? ఆయన 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి, తిరుపతి, కడప, కర్నూలు, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, మరుసటి సంవత్సరము తూర్పుతీరమున నెల్లూరు మీదుగా తిరిగివచ్చెను. పటములో ఆయన దారిని గుర్తించినచో, పోవునపుడు మా వెలుగొండలకు పడమట, వచ్చునపుడు తూర్పున నడచి, ఉదయగిరిని నడుమ విడిచి ప్రదక్షిణము చేసినట్లుండును. మజిలీ మజిలీకి ఆయన వ్రాసిపెట్టిన సంగతులు కాశీయాత్ర చరిత్రయను గ్రంథముగా 1838లో వెలువడినవి. చెప్పులు అరుగ నడచిన ఆ దారిని నేడు మనము అరగంటలో వ్రేలితో నడువవచ్చును. కాని ఆయన వ్రాసిన గ్రంథము లేనిచో ఆ గీతమీద మనకు కనబడునది తారురోడ్డును, పెట్రోలు బంకులును మాత్రమే.

ఇక ఆకాశపు కంటిని గూర్చి. అమెరికావారు లాండ్‌శాట్ వరుసలోని మొదటి ఉపగ్రహమును 1972లో ప్రయోగించిరి. ప్రయోగదశ దాటి నిత్యవినియోగమునకు వచ్చిన మన దేశపు దూరసంవేదన ఉపగ్రహములలో మొదటిదైన ఐఆర్‌ఎస్-1ఏ 1988 మార్చిలో సోవియట్ దేశపు బైకనూరునుండి ఎగిరినది. 2005 మే 5వ తేదీన కార్టోశాట్-1 మన శ్రీహరికోటనుండియే పైకి పోయినది. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలో చేరినది గాని, అంతవరకు మా నెల్లూరు జిల్లాలోనిదే. తన గడ్డనుండి ఎగిరిన కన్ను తన గడ్డనే తిరిగి చూచుట మా జిల్లాకు దక్కిన భాగ్యము. కార్టోశాట్‌లో రెండు కెమెరాలు. ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు వంగి ఒకే చోటును రెండు కోణములనుండి తీయును. మన రెండు కన్నులు దూరమును పసిగట్టినట్లు, ఆ రెండు చిత్రములను పోల్చి కొండ యెత్తును, లోయ లోతును లెక్కింతురు.

ఆ సంవత్సరముననే గూగుల్ ఎర్త్ సామాన్యులకు అందినది. దేశరక్షణకు సంబంధించిన చోటులు అందరికిని కనబడుటను గూర్చి ఆనాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు 2005 అక్టోబరులో హైదరాబాదున హెచ్చరించిరి. తరువాత 2009 ఆగస్టులో మన ఇస్రోవారు హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ద్వారా భువన్ అను పేరున స్వదేశీయమైన పటమును ప్రారంభించిరి. పటములు తయారుచేయుట, పంచుట విషయమున నుండిన పాత కట్టుబాట్లను ప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో చాలవరకు సడలించినది. ఒకప్పుడు కచ్చేరి బీరువాలో తాళము క్రింద నుండిన పటము నేడు కూరలమ్మువాని చేతిలోని ఫోనులో నున్నది.

ఈ చిత్రములను చూచువారు రెండు మూడు సంగతులు గమనింపవలెను. తెరమీద అతుకు లేక కనబడునది ఒకే దినమున తీసిన చిత్రము కాదు. మబ్బులేని వేర్వేరు దినముల చిత్రములను చేర్చి కుట్టిన బొంత అది. అందుచేత ఒక చెరువు నిండుగను, ప్రక్క చెరువు ఎండియు ఉండవచ్చును. చిత్రము తీసిన తేదీని చూడక కరవనియో వరదయనియో నిర్ణయింపరాదు. పాత సంవత్సరముల చిత్రములను వరుసగా చూచు సదుపాయము గూడ కలదు. 1984 మొదలు నేటివరకు భూమి మార్పులను చలనచిత్రమువలె చూపు ఏర్పాటు ఉన్నది. నేను సోమశిలను అట్లు చూచితిని. అచ్చటితో నా వినోదము ముగిసినది.

సోమశిల జలాశయమునకు 1975లో పని ఆరంభమై 1989లో పూర్తి అయినది. నిల్వ సామర్థ్యము 78 టి.ఎం.సీలు. నెల్లూరు జిల్లా ఆయకట్టునకు అది ప్రాణము. ఆత్మకూరు ప్రాంతమునకును దానివలన మేలు కలిగినది. అది కాదనరాదు. కాని ఆనకట్టకు ఈవల మేము నీరు చూచుచుండగా, ఆవల కడప జిల్లాలోని అనేక గ్రామములు ముంపునకు లోనైనవి. నా భార్య పుట్టినిల్లు అట్టి యూళ్లలో నొకటి. చలనచిత్రమున మొదటి సంవత్సరములలో పెన్న సన్నని దారమువలె కొండల నడుమ సాగుచుండును. పిదప ఆ దారమునకు ఒక ముడి పడినట్లు నల్లని మచ్చ కనబడి, ఏటేట పెరిగి, చేతివ్రేళ్లవలె లోయలలోనికి ప్రాకును. మూడు నాలుగు క్షణములలో అంతయు ముగియును. అది చూచి మా మనుమడు, “భలే ఉంది తాతా!” అనెను. ఆమె లేచి లోపలికి పోయెను.

తరువాత కొన్ని దినములకు ఆమెయే వచ్చి కూర్చుండి, “మా ఊరు చూపించు” అనెను. చూపుటకు ప్రయత్నించితిమి. అచ్చటనే ఈ సాధనము యొక్క అసలు లోటు తెలిసినది. 1980 ప్రాంతపు ఉపగ్రహచిత్రములలో ఒక చుక్క ముప్పది మీటర్ల నేలకు సమానము. 1970 ప్రాంతపు వానిలో చుక్క ఇంకను పెద్దది. ఒక యిల్లు ఒక చుక్కకు గూడ చాలదు. ఇంటి కప్పును గుర్తింపగల చిత్రములు సామాన్యులకు దొరకు నాటికి ఆమె ఊరు నీటిలో చేరి ఎన్నో ఏండ్లు గడచినవి. ఆకాశపు కన్ను తెరచుకొన్నది గాని, ఆలస్యముగా తెరచుకొన్నది. చలవరాతి మేడలను, కొత్త కాలనీలను గోటియంత సందు విడువక చూపు ఈ తెరమీద, ఆమె ఆడుకొనిన వీథి ఎన్నడును లేనట్లే యుండెను.

అయినను ఒక వేసవిలో జలాశయము బాగుగా తగ్గినప్పటి చిత్రము దొరకినది. ఎండిన బురదలో లేతరంగున కొన్ని గీతలు కానవచ్చినవి. నాకవి గీతలే. ఆమె కన్నద్దాలు సవరించుకొని, చాలసేపు చూచి, ఒక గీతమీద వ్రేలు పెట్టెను. “ఇది రథంవీథి. ఇక్కడ చేదబావి. ఇదిగో, ఈ మలుపులో మా చిన్నాయన ఇల్లు. ఈ దారి ఏటికి పొయ్యేది.” మనుమడు ఒక కాగితము తెచ్చి వ్రాసికొనుట మొదలుపెట్టెను. “అవ్వా, ఇక్కడ ఏముండేది?” అని అడుగుటయు, ఆమె చెప్పుటయు, ఆ సాయంకాలమంతయు సాగినది. బావి, రచ్చబండ, ముగ్గురు కలిసి తాకలేని చింతమాను, నూర్పిడి కళ్లము, పీర్లచావిడి, వానకాలమున దాటరాని వాగు. పదునెనిమిది పేర్లు పోగైనవి. వానిలో నాలుగింటి విషయమున మాత్రము ఆమెకు సందేహము కలిగి, కడపలోనున్న అక్కగారికి ఫోను చేసి అడిగెను. అక్కగారు రెండింటిని దిద్దెను. తక్కిన రెండింటిని ఇద్దరును మరచిపోయిరి. ఆ రెండు పేర్లును ఇక దొరకునను ఆశ లేదు.

ఆనాడు నాకు లాంబ్టనును మెకంజీయు జ్ఞప్తికి వచ్చిరి. ఉపగ్రహము లాంబ్టను పనిని, అతడు కలలోనైన ఊహింపని నేర్పుతో, నిముషములలో చేయుచున్నది. మెకంజీ పనిని అది చేయజాలదు. పటములో ఉదయగిరి కొండమీద చిన్న చిన్న నీటి మడుగులు మెరయును. వానికి పేర్లు లేవు. కొండపాదమున ఊరిలో నరది, బిక్కి వంటి అడవికొయ్యలతో గరిటెలును, చెంచాలును చెక్కు పనివారి యిండ్లు కలవు. ఆ కొయ్యసామానునకు భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. పైనుండి చూచినచో వారి కప్పులును తక్కిన కప్పులవలెనే ఉండును. ఉలి చప్పుడు పైకి వినబడదు. కొన్ని ఊళ్ల పేర్లు ఇతరభాషల లిపులలో పడి, మరల తెలుగునకు వచ్చునప్పటికి ఆ ఊరివారే గుర్తుపట్టలేనట్లు మారినవి. ఇది సాధనము తప్పు కాదు. దానికి చెప్పవలసినవారు చెప్పకుండుట మన తప్పు.

ఈ మెట్టసీమనుండి బ్రతుకుతెరువునకై చెన్నపట్టణము, బెంగుళూరు, హైదరాబాదులకును, గల్ఫు దేశములకును పోయినవారు వేలకొలది కలరు. కువైటులో పనిచేయు మా వీథి కుఱ్ఱవాడొకడు ప్రతి శుక్రవారమును తన యింటి కప్పును తెరమీద చూచుకొనునట. కప్పుమీద తల్లి ఎండబెట్టిన వడియాలు కనబడునేమోయని ఆశట. అవి కనబడవు. చిత్రము తీసిన నాటికి ఆ మేడ పూర్తి గూడ కాలేదు. అయినను అతడు చూచుట మానలేదు. కాశీచెంబును చూచి యాత్రను తలచుకొన్న పెద్దలకును ఇతనికిని నాకు భేదము కనబడలేదు. చెంబులో గంగానది అంతయు లేదని వారెరుగుదురు. తెరలో తన యిల్లంతయు లేదని ఇతడెరుగును.

కావున పాఠకులకు నా మనవి యొక్కటి. మీ యింట పెద్దవారు ఉన్నచో, ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండి ఈ పటమును విప్పుడు. వారు పుట్టిన ఊరు, కాపురమునకు వచ్చిన ఊరు, మ్రొక్కు తీర్చిన కొండ, ఏదైన సరే. వారు చూపిన చోటులకు పేర్లడిగి, తేదీ వేసి, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. పొలముల పేర్లు, కుంటల పేర్లు, మలుపుల పేర్లు, ఏదియు అల్పమని విడువకుడు. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలశెట్టి అను ఇద్దరు ఉద్యోగులు నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగా ప్రకటింపకపోయినచో, ఈ జిల్లా చరిత్రలో ఎంత భాగము మనకు దక్కియుండునో చెప్పలేము. రాతిమీది అక్షరమునకే అంత ప్రయాస అవసరమైనపుడు, నోటిలోని పేరుకు ఎంత అవసరము!

మా మనుమడు వచ్చు మార్గశిరమున మిత్రులతో ఉదయగిరి ఎక్కుటకు నిశ్చయించుకొనినాడు. తూర్పు దారిని ఎక్కవలెననియు, నీళ్లు వెంట తీసికొనిపోవలెననియు, తెల్లవారుజామున బయలుదేరినచో ఎండ వీపున తగులుననియు చెప్పితిని. కొండమీది మడుగుల పేర్లను ఊరిలోని పెద్దలనడిగి వ్రాసికొని రమ్మని ఒక నోటుపుస్తకము ఇచ్చితిని. అందులో మొదటి రెండు పుటలలో అవ్వ చెప్పిన పేర్లు ఉన్నవి. మూడవ పుట ఖాళీగా నున్నది.